ఎవరు చెప్పినారు?

మొన్న మా కాలేజీలో పీజీ చదివే ఒక అమ్మాయి తన పరిశోధన వ్యాసం తెచ్చి నా బల్ల మీద పెట్టింది. చేనేత మీద వ్యాసం. నేను అలవాటు కొద్దీ వెనక నుంచి మొదలుపెట్టాను. ఎవరి వ్యాసమైనా సరే, చివర ఉండే పుస్తకాల జాబితా చూశాకే మొదటి పేజీకి వస్తాను. ఆ జాబితాలో మా సార్ పేరు కనిపించింది. పుస్తకం పేరు, అచ్చు వేసినవాళ్లు, సంవత్సరం, పుట సంఖ్య, అన్నీ ఉన్నాయి. కామాలు కూడా ఎక్కడ ఉండాలో అక్కడే ఉన్నాయి. ఒకటే చిక్కు. మా సార్ జన్మలో ఒక్క పుస్తకం రాయలేదు.

"ఈ పుస్తకం యాడ దొరికిందమ్మా నీకు?" అని అడిగాను.

"దొరకలేదు మేడమ్. ఫోన్లో ఏఐని అడిగితే అదే లిస్టు ఇచ్చింది" అంది ఆ పిల్ల, ఏమాత్రం తడబడకుండా.

నాకు నవ్వొచ్చింది. బతికున్నన్నాళ్లూ ఎంతమంది బతిమాలినా పుస్తకం రాయని మనిషి చేత, పోయిన తర్వాత రాయించిన ఘనత ఆ ఫోనుకు దక్కింది. చేత్తో పట్టుకుని చూడని పుస్తకాలన్నీ కొట్టేసి తెమ్మని చెప్పి పంపించాను. జాబితాలో సగానికి పైగా ఎగిరిపోయేసరికి పాపం దాని ముఖం చిన్నబోయింది. అది వెళ్లాక ఆ పేరు మీద వేలు పెట్టుకుని చాలాసేపు అట్లాగే కూర్చున్నాను. ఆయన లేరన్న సంగతి అప్పుడు కొత్తగా తెలిసినట్లు ఏడుపొచ్చింది.

ఆయన పేరు ఇక్కడ రాయను. నాలుగు మంచి మాటలున్న చోట తన పేరు కనబడితే ఆయనకు గిట్టదు. కర్నూల్లో నేను పరిశోధన చేసినప్పుడు నాకు గైడుగా ఉన్నాయన, మా సార్, అంతే చాలు.

సార్‌ది కోడుమూరు పక్కన మెట్ట పల్లె. వానకోసం ఆకాశం వంక చూసే ఇల్లు. ఎన్నేళ్లు కర్నూల్లో ఉన్నా ఆ యాస మాత్రం వదల్లేదు. డబ్బులను దుడ్లనేవారు. క్లాసులో పాఠం పుస్తకాల తెలుగులో చెప్పేవారు గానీ, కోపమొస్తే, లేదా ఎవరినైనా ప్రేమగా తిట్టాలంటే సొంత ఊరి మాట వచ్చేది. ఎండాకాలమైనా చలికాలమైనా తెల్ల పొట్టి చేతుల చొక్కా. జేబులో ఎప్పుడూ పెన్సిలే, పెన్ను ఉండేది కాదు. పెన్నుతో రాసేంత నమ్మకం నాకు ఇంకా రాలేదప్పా అనేవారు.

ఆయనకు పిల్లలు పెట్టిన పేరు "ఎవరు చెప్పినారు సార్". ఆ పేరు ఆయనకూ తెలుసు. ఎవరు ఏ మాటన్నా ముందు ఆయన నోట్లోంచి వచ్చేది ఆ ప్రశ్నే. క్యాంటీన్లో కూర్చుని బొరుగుల ఒగ్గాని తింటూ మేము ఊరి కబుర్లేవో చెప్పుకుంటుంటే, పక్క బల్ల మీంచి వినబడేది.

"ఎవరు చెప్పినారప్పా?"

"అందరూ అంటాండారు సార్."

"అందరూ అనేటాయప్పది ఏ ఊరు?"

ఇంక ఆ కబురు అక్కడితో చచ్చేది. అట్లాగని ఆయన ముక్కోపి కాదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగేవారు. తనదీ అదే పద్ధతి. ఆయన జోకు చెప్తే నవ్వడం మహా కష్టం. "ఇది నాకు బస్సులో ఒక కండక్టరు చెప్పినాడు. పేరు అడగలేదు, తప్పు నాదే. ఆయనకు వాళ్ల బావమరిది చెప్పినాడంట" అని మొదలుపెట్టి, ఆ బావమరిది ఏం పని చేస్తాడో కూడా చెప్పి, అప్పుడు జోకుకు వచ్చేవారు. అప్పటికి సగం మంది లేచి పోయేవాళ్లు. మిగిలినవాళ్లం జోకుకు కాదు, ఆయన పడే తిప్పలకు నవ్వేవాళ్లం.

మేమేం రాసుకొచ్చినా మార్జిన్లో పెన్సిలుతో చిన్న గుర్తులు పెట్టేవారు. "చూ" అంటే కండ్లతో చూసింది. "వి" అంటే ఎవరో చెప్తే విన్నది. "చ" అంటే చదివింది. ఈ మూడింట్లో ఏదీ కాకపోతే "గా". గాలి నుంచి పట్టుకొచ్చిందని అర్థం. నా మొదటి అధ్యాయం తిరిగి చేతికొచ్చినప్పుడు పేజీలన్నీ గాలే. ఆ రోజు హాస్టల్లో అన్నం తినబుద్ధి కాలేదు.

"విన్నదైతే చెప్పినోళ్ల పేరు రాయి. ఊరు రాయి, ఏం పని చేస్తారో రాయి, యాపొద్దు చెప్పినారో రాయి. వాళ్లు పుస్తకం కంటే తక్కువోళ్లేం కాదు" అనేవారు. "చదివినదైతే పుట సంఖ్య రాయి. మూలం నువ్వు చూడలేదా, వేరే పుస్తకంలో దాని ముక్క చూసినావా, అట్లనే రాయి. ఈ పుస్తకంలో చెప్పగా చూసినా అని రాస్తే నీ పరువేం పోదు. మూలం చూడకుండానే మూలం పేరు రాసినావనుకో, పోని ఊరికి బస్సు టికెట్టు చూపించినట్ల."

ఆయన దగ్గర పరిశోధన చేసినవాళ్లు తక్కువ. మొదటి ఏడాదిలోనే చాలామంది వేరే గైడు దగ్గరికి మారిపోయేవాళ్లు. ఆయనకు పుస్తకాల్లేవు, బిరుదుల్లేవు, సన్మానాలకు పిలిచేవాళ్లు లేరు. మా రంగంలో ఆయనకు ఉన్నది ఒక్కటే. ఆ సార్ సరేనన్నాడంటే ఆ మాట నిజమే అయింటాదని రాష్ట్రంలో ఈ చివర నుంచి ఆ చివర దాకా అనుకునేవాళ్లు. ఆ పేరొక్కటే ఆయన ఆస్తి. ఆ ఆస్తి నా థీసిస్ వల్ల పోయే రోజు వస్తుందని నేను కలలో కూడా అనుకోలేదు.

నాది నేతగాళ్ల ఇల్లు. మా ఊరి చేనేత మీదే నా పరిశోధన. మా వీధికి ఒక కథ ఉంది. ఒకప్పుడు ఒక నవాబు మా పెద్దలను పిలిపించి, తన తలపాగాకు గుడ్డ నేయించుకుని, మెచ్చుకుని, వీధినంతా వాళ్లకు ఇనాముగా ఇచ్చేశాడని. చిన్నప్పటి నుంచి వింటున్నదే. మా నాయన మగ్గం గుంతలో కూర్చుని, కొత్తవాళ్లెవరొచ్చినా ముందు ఆ కథ చెప్పి తర్వాతే చీర చూపిస్తాడు. చేనేత సొసైటీ ఆఫీసు గోడ మీద పెద్ద అక్షరాలతో అదే రాసి ఉంది. చేనేత మీద వచ్చిన ఒక పెద్ద పుస్తకంలో కూడా ఉంది. అందుకని రెండో అధ్యాయం మొదటి వాక్యంగా అదే పెట్టి, కింద ఫుట్‌నోటులో ఆ పుస్తకం పేరు, రచయిత పేరు, పుట సంఖ్య పొల్లు పోకుండా ఇచ్చాను. ఈసారి గాలికి చోటే లేదనుకున్నాను.

అధ్యాయం తిరిగొచ్చింది. మొదటి వాక్యం పక్కనే "గా".

నాకు మండింది. "పుస్తకంలో ఉంది సార్. పుట సంఖ్య కూడా ఇచ్చాను" అన్నాను.

"ఉండాదిలే. ఆయనకు ఎవరు చెప్పినారు?"

"ఆయన అంత పెద్ద రచయిత..."

"పెద్దోడే. నవాబు కాలంలో పుట్టలేదు కదా. ఆయన కింద ఫుట్‌నోటు ఇచ్చినాడా? దాన్ని చూసి రా."

అప్పటికి సార్ రిటైరయ్యేందుకు కొద్ది నెలలే ఉంది. ఆలోపు థీసిస్ ఇవ్వకపోతే నన్ను ఇంకొకరి కిందికి మారుస్తారు. గడువు అప్పటికే ఒకసారి పొడిగించారు. ఇట్లాంటప్పుడు ఒక్క వాక్యం కోసం ఊళ్లు తిరగమంటాడేంటి ఈ మనిషి అని మనసులో తిట్టుకుంటూనే వెళ్లాను.

ఆ పెద్ద పుస్తకం ఒక పత్రికలో వచ్చిన వ్యాసాన్ని ఆధారంగా చూపించింది. పత్రిక వెతికితే, అది మా ఊరి చేనేత సొసైటీ ఎప్పుడో వార్షికోత్సవానికి వేసిన ప్రత్యేక సంచికను చూపించింది. ఇంత తిరిగి మళ్లీ మా ఊరికే వచ్చాను కదా అనుకుని సొసైటీకి పోతే, వాళ్ల దగ్గరున్న కాపీలు ఎప్పుడో చెదలు తినేశాయి. కడపలో పాత పుస్తకాలు దాచే లైబ్రరీ ఒకటుంది, అక్కడ అడిగి చూడమన్నారు ఎవరో. పోయాను.

కడప ఎండ సంగతి చెప్పక్కర్లేదు. లైబ్రరీలో ఫ్యాను తిరుగుతున్నా వేడి గాలే. అట్టలేని పలచటి సంచిక ఒకటి తెచ్చి నా ముందు పెట్టారు. నా వాక్యం అందులో ఉంది. నవాబు, తలపాగా, ఇనాము, ఒక్క మాట తేడా లేకుండా. కింద ఫుట్‌నోటు లేదు. ఎవరో చెప్పారని కూడా లేదు. పక్కనే కూర్చుని చూసినట్లుగా రాసేశాడు. ఎవడ్రా వీడు అనుకుంటూ వెనక్కి తిప్పి వ్యాసం మొదట్లో పేరు చూశాను.

మా సార్ పేరు.

ఒకసారి కాదు, నాలుగైదుసార్లు చదివాను. అదే ఇంటిపేరు, అదే పేరు, కింద కొత్తగా చేరిన ఉద్యోగం, కాలేజీ పేరు. నిజం చెప్తున్నా, ఆ పేజీ చూడలేదని చెప్పేస్తే పోయె కదా అనిపించింది. సంచిక దొరకలేదంటే ఆయనేం కడప దాకా వచ్చి వెతకరు. కానీ ఆ గుర్తులు పెట్టే మనిషి ముందు నిలబడి ఆ మాట అనగలనా? ఫోనుతో ఫొటో తీసుకుని సాయంత్రం కర్నూలు బస్సెక్కాను. దారి పొడుగునా ఎట్లా చెప్పాలా అనే ఆలోచనే.

మర్నాడు పొద్దున వాళ్లింటికి వెళ్లాను. అమ్మ, అంటే సార్ భార్య, వరండాలో బుడ్డలు ఒలుస్తోంది. మా వైపు వేరుశనగను బుడ్డలంటాం. నా చేతిలో ఫోను చూసి ఏముందని అడిగింది. చెప్పకూడదనుకుంటూనే, సార్ పాత వ్యాసమమ్మా అన్నాను. ఆమె చేతులు కొంగుకు తుడుచుకుని ఫోను తీసుకుంది. అచ్చులో భర్త పేరు చూసి ఆమె ముఖం ఎంత విప్పారిందో చెప్పలేను.

"చూడు పాపా, ఎంత బాగుండాదో పేరు. నేనూ ఎన్నేండ్లుగా మొత్తుకుంటాండా, ఒక పుస్తకం రాయి సామీ అని. మా అక్క మొగుడు హైస్కూలు అయివారు, ఆయప్పే రెండు పుస్తకాలేసినాడు. ఈయప్పను అడిగితే, చెప్పేదేమన్నా ఉంటే రాస్తాలే అంటాడు" అంది. తర్వాత లోపలికి కేకేసింది. "ఏమండీ, మీ పేరు అచ్చులో ఉండాది, రాండి."

సార్ వచ్చారు. ఫోను కంటికి దగ్గరగా పెట్టుకుని చదివారు. చదవడం అయిపోయాక కూడా చూస్తూనే ఉన్నారు. అమ్మ నవ్వుతూ ఆయన ముఖం చూస్తోంది. నేను నేల చూస్తున్నాను.

"నాకు గుర్తే లేదు పాపా" అన్నారు చివరికి. "కొత్తగా ఉద్యోగంలో చేరినప్పటిది. సొసైటీ వాళ్లొచ్చి అడిగితే రాసిచ్చినా." తర్వాత తనను తాను అడుగుతున్నట్లు అన్నారు. "నాకు ఎవరు చెప్పినారు?"

ఆ ప్రశ్న ఆయన తన మీద వేసుకోవడం నేను చూసింది అదే మొదలు. ఆరోజంతా ఆయన ఆలోచించినట్లున్నారు. సాయంత్రం ఫోను చేశారు. ఆత్మకూరులో ఒక బట్టల షావుకారు ఉన్నాడని, ఆ రోజుల్లో మా ఊరి చీరలు కొనేవాడని, బహుశా ఆయనే చెప్పి ఉంటాడని. తెల్లారి ఇద్దరం బస్సెక్కాం.

షావుకారు ఇంకా ఉన్నాడు. దుకాణం కొడుకు చూసుకుంటున్నాడు. ఈయన మూల పరుపు మీద కూర్చుని వచ్చేపోయే వాళ్లను పలకరిస్తున్నాడు. సార్‌ను వెంటనే గుర్తుపట్టాడు.

"రాండి సామీ, రాండి. ఎన్నాళ్లకు."

సార్ కూర్చుని, నీళ్లు తాగి, నేరుగా విషయానికొచ్చారు. "ఈ పాప వాళ్ల ఊరి నేతోళ్లకు నవాబు వీధి ఇనామిచ్చినాడనే కథ ఉండాది కదా. అది నాకు చెప్పింది నువ్వే కదూ?"

ముసలాయన వింతగా చూశాడు. "నేనా సామీ? మీరే కదా నాకు చెప్తిరి. సొసైటీ మీటింగులో నిలబడి ఎంత బాగా చెప్తిరి. ఆపొద్దు నుంచి గిరాకీ వస్తే అదే చెప్తాండా. నవాబు తలకు చుట్టిన గుడ్డ నేసినోళ్ల చీర అంటే, వద్దనేవాళ్లు గూడా కొంటారు."

"అంతకు ముందు నువ్వు నాకు చెప్పలేదా? బాగా గుర్తు చేసుకో."

"నాకెట్ల తెలుస్తాది సామీ. నేను బట్టలమ్ముకునేటోన్ని. చదువుకున్నోళ్లు మీరు చెప్తిరి, మేము నమ్మితిమి."

సార్, షావుకారు కొడుకు తెప్పించిన టీ మొత్తం తాగి, నమస్కారం పెట్టి లేచారు. బస్సులో కిటికీ పక్కన కూర్చుని బయటికి చూస్తూ వచ్చారు. కర్నూలు బస్టాండులో దిగాక నన్నారి షర్బత్ బండి దగ్గర ఆగారు. రెండు గ్లాసులు చెప్పి, నాకొకటిచ్చి, అప్పుడన్నారు.

"ఎవరూ చెప్పలేదు పాపా. నేనే అనుకోని ఉంటా. తలపాగా మాట గుర్తొచ్చింది ఇప్పుడు. అది రాసేటప్పుడు శానా సంతోషమాయె నాకు. ఎంత బాగొచ్చిందో అని ఇంట్లో రెండుసార్లు పైకి చదువుకున్నా. బాగొచ్చింది కాబట్టి నిజమే అనుకున్నా. అంతే జరిగింది."

ఆ మాట ఆయన ఎంతో మామూలుగా చెప్పారు. ఇన్నేళ్లు మమ్మల్ని గాలి గాలి అని ఏడిపించిన మనిషి మీద నాకు కోపం రావాలి కదా. రాలేదు. జాలి కూడా కాదు. ఆయన్ని ఎట్లాగైనా దీంట్లోంచి బయటపడేయాలనిపించింది, అంతే.

"ఆ వాక్యం తీసేస్తాను సార్. అది లేకపోయినా అధ్యాయం నిలబడుతుంది. ఎవరికీ తెలీదు" అన్నాను.

"తీసేస్తే నీ థీసిస్ శుభ్రమైతాది. ఆ పెద్ద పుస్తకంలో అట్లనే ఉంటాది. రేపు ఇంకొకడు దాన్ని చూసి రాస్తాడు. వాన్ని చూసి ఇంకొకడు. అది యాడ పుట్టిందో యాడో ఒకచోట రాసి ఉండల్ల కదా. వెతుక్కుంటూ పోయింది నువ్వు. నువ్వే రాయల్ల."

"మీరు రిటైరయ్యేముందు ఇదేం ఖర్మ సార్."

"రిటైరైనాక రాస్తే తప్పు ఒప్పయితాదా?"

వారం రోజులు కూర్చుని ఆ ఫుట్‌నోటు రాశాను. థీసిస్ మొత్తంలో అంత కష్టపడి రాసింది ఇంకేదీ లేదు. పెద్ద పుస్తకం ఎవరిని చూసి రాసిందో, పత్రిక ఎవరిని చూసి రాసిందో, ఆ సంచికలో ఏముందో, దానికి ఆధారం లేదని ఎట్లా తెలిసిందో, అన్నీ వరసగా ఇచ్చాను. సార్ పేరు దగ్గరికొచ్చేసరికి "ఒక వ్యాసకర్త" అని రాసి ఊరుకున్నాను.

కాగితం మా డిపార్ట్‌మెంటు గదిలో ఆయన ముందు పెట్టాను. పెన్సిలుతో ఒక్కో అంగుళం జరుపుకుంటూ చదివారు. "ఒక వ్యాసకర్త" కింద గీత గీశారు.

"ఎవరీయప్ప?"

నేను చేతిలో పెన్ను మూత తీసి పెడుతున్నాను.

"మిగతావాళ్లందరి పేర్లు రాసినావు. పుట సంఖ్యలిచ్చినావు. ఈయప్పకే పేరు లేదా? తల్లిదండ్రులు పెట్టలేదా?"

"సార్, మీ పేరు నేను రాయలేను" అన్నాను. కండ్లలో నీళ్లు తిరిగాయి. దాచుకోలేదు.

ఆయన నా వంక చూసి, చెయ్యి చాపి, "నీ పెన్ను ఇట్లా ఇయ్యి" అన్నారు. నా పెన్నుతో ఆ రెండు మాటలూ కొట్టేసి, పైన తన ఇంటిపేరు, పేరు పూర్తిగా, పొడి అక్షరాలు లేకుండా రాశారు. తర్వాత వ్యాసం పేరు, సంచిక పేరు, ఊరు, పుట సంఖ్య. కామాలు సరిచూసుకున్నారు. "ఇప్పుడు సరిపోయింది" అని పెన్ను మూత పెట్టి తిరిగిచ్చారు.

అంతటితో ఆగి ఉంటే బాగుండేది. మీ వీధోళ్లకు గూడా చెప్పల్ల, వాళ్లు గోడ మీద రాయించుకున్నారు కదా అన్నారు. వద్దు సార్ అన్నా వినలేదు. ఒక ఆదివారం నాతో మా ఊరికొచ్చారు. సొసైటీ గదిలో మా నాయన, నలుగురైదుగురు పెద్దలు కూర్చున్నారు. సార్ లేచి నిలబడి, ఆ కథ నేను రాసిందే, నాకు ఎవరూ చెప్పలేదు, దానికి ఆధారం లేదు అని చెప్పి కూర్చున్నారు.

మా నాయన ముఖం మాడిపోయింది. "చదువుకున్నోళ్లు రాసినారనే కదా సారూ మేము నమ్మింది. ఆ గోడ మీద ఇంతింత అచ్చరాలతో రాయించుకుంటిమి. ఇప్పుడు మీరే కాదంటే పిల్లోళ్లు అడిగితే ఏం చెప్పల్ల? మనం యాడ నుంచి వచ్చినాము, ఎవరు పిలిచినారు అంటే?"

"తెలీదని చెప్పండి" అన్నారు సార్.

"తెలీదనా?"

"నాకూ తెలీదు. తెలిసినోళ్లు ఇంకా ఎవరూ నాకు కనపళ్లేదు. మీ పాప వెతుకుతాండాది. దొరికితే రాస్తాది."

మా నాయనకు కోపం ఇంకా తగ్గలేదు, అయినా ఇంటికి పిలిచి అన్నం పెట్టించాడు. సార్ వెళ్లిపోయాక, "తెలీదని చెప్పేదానికి ఇంత దూరం వచ్చినాడు ఈ మనిషి" అని విసుక్కున్నాడు. గోడ మీద రాత ఇప్పటికీ ఉంది. మా నాయన మాత్రం కొత్తవాళ్లకు ఇప్పుడు నేరుగా చీరే చూపిస్తున్నాడు.

థీసిస్ గడువులోపలే ఇచ్చాను. వైవాకు బయటి యూనివర్సిటీ నుంచి వచ్చిన పరీక్షకుడు రెండో అధ్యాయం దగ్గర ఆగాడు. ఫుట్‌నోటు చదివి, పక్కనే కూర్చున్న సార్ వంక తిరిగాడు.

"ఈ పేరు మీదేనా?"

"నాదే."

"మీ విద్యార్థే కదా. తీసేయించి ఉండొచ్చు."

"ఉండాల్సిన చోటే ఉండాది సార్" అన్నారు మా సార్, నీళ్ల గ్లాసు ఆయన వైపు జరుపుతూ.

గదిలో మా డిపార్ట్‌మెంటు వాళ్లంతా ఉన్నారు. ఆ సాయంత్రానికే విషయం కర్నూలంతా పాకింది. ఇంతకాలం మనల్ని నిలదీసిన సార్ చేసింది ఇదా అని కొందరు నవ్వడం నా చెవులతో విన్నాను. ఆయన కూడా విని ఉంటారు. క్యాంటీన్లో ఆ మరుసటి రోజు కూడా పక్క బల్లవాళ్లను ఎవరు చెప్పినారప్పా అని అడిగారు. ఈసారి వాళ్లు నవ్వారు. ఆయన నవ్వలేదు, జవాబు కోసం చూస్తూ కూర్చున్నారు.

ఇంకో సంగతి చెప్పాలి. వైవా అయ్యాక బైండింగుకు ఇచ్చేముందు, మొదట్లో పెట్టే కృతజ్ఞతల పేజీ రాసుకుపోయి చూపించాను. సార్ గురించి ఒక పెద్ద పేరా. నిజాయతీకి నిలువుటద్దమని, వెన్నలాంటి మనసని, నాలుగు మాటలు మనస్ఫూర్తిగానే రాశాను. ఆయన పెన్సిలు తీసి పేరా పొడుగునా పక్కన గీత గీసి "గా" అని పెట్టారు.

"నేను కండ్లతో చూసిందే సార్" అన్నాను.

"నువ్వు చూసింది నా చేతిరాత పాపా. వెన్నో సున్నమో నీకెట్ల తెలుసు?"

నేనెంత వాదించినా వినలేదు. చివరికి "మా గైడు గారికి కృతజ్ఞతలు" అన్న ముక్క మాత్రం మిగిలింది. పేరు కూడా లేకుండా.

బైండు చేసిన థీసిస్ తీసుకుని వాళ్లింటికి వెళ్లాను. ఆయన అప్పటికి రిటైరయ్యారు. ఇద్దరూ వరండాలో కూర్చుని ఉన్నారు. పుస్తకం ఆయనకిస్తే ఆయన అమ్మకిచ్చారు. ఆమె అట్ట మీద బంగారు అక్షరాలు తడిమి, "ఈయప్ప పేరు యాడుండాది పాపా?" అని అడిగింది. నేను తటపటాయించాను. సారే పేజీ తిప్పి ఫుట్‌నోటు చూపించారు. దాచాలని కూడా ఆయనకు తోచలేదు.

అమ్మ ఒక్కో మాట కూడబలుక్కుంటూ పైకి చదివింది. ఆ రోజు ఫోన్లో చూసి మురిసిపోయిన పేరే. ఈసారి చివరిదాకా చదివింది. ఆధారం లేదు అన్న మాట దగ్గర ఆగి, మళ్లీ చదివింది. తర్వాత పుస్తకం ఒళ్లో పెట్టుకుని నన్నడిగింది.

"ఇంకేడా లేదా పాపా? మంచిగా?"

"రాశానమ్మా. సారే కొట్టేశారు" అన్నాను.

"ఏమని రాస్తివి?"

"సార్ మంచివారని."

ఆమె ఆయన వైపు తిరిగింది. "ఎందుకు కొట్టేసినారు?"

"అది ఆ పాపకు ఎట్ల తెలుస్తాదే?" అన్నారు సార్, నెమ్మదిగా, ఎప్పుడూ మాతో మాట్లాడినట్లే. "నాతో కాలేజీలో ఉన్నింది. అంతే కదా. చూడంది, విననిది రాస్తే ఎట్ల? రేపు ఎవరన్నా చెప్పింది ఎవరు అని అడిగితే ఏం చూపిస్తాది?"

అమ్మ ఒక్క క్షణం ఆయన్ని చూసింది. ఆమె గొంతు పెంచలేదు.

"నేను లేనా?" అంది. "నలబై ఏండ్లుగా ఈ ఇంట్లోనే ఉండా కదా నేను. నాకు తెలీదా? నన్ను అడగొచ్చు కదా ఎవరన్నా." నా వైపు తిరిగి, "రాసుకో పాపా. ఈయప్ప మంచోడు. చెప్పింది ఎవరంటే, వాళ్లింటామె చెప్పిందని రాయి" అంది.

సార్ నోరు తెరిచారు. ఏదో అడ్డు చెప్తారనుకున్నాను. ఎంత వెతికినా దొరకనట్లుంది, మళ్లీ మూసుకున్నారు. ఆయన కండ్లు తడిగా ఉండడం నేను చూశాను.

థీసిస్ అప్పటికే బైండయిపోయింది. అందులో చేర్చడానికి వీల్లేకపోయింది. ఆ బాకీ ఇక్కడ తీర్చుకుంటున్నాను.

మా సార్ మంచి మనిషి. ఈ మాట చెప్పినది ఆయన భార్య, గృహిణి, కర్నూలులో వాళ్ల ఇంటి వరండాలో, ఆయన రిటైరైన ఏడాది, ఆయన వింటుండగా.